ఆయన కోసం తేలికపాటి సెంటు

సెంటు కౌంటర్ వెనక, సరుకు గది

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ ఎత్తవు. ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు, చింపితే తప్ప. చింపకు, లోపల సెంటు అద్దిన కాగితం పట్టీలు మూడున్నాయి.

సంగతి నీకు తెలిసిందే. చలి పూర్తిగా వదిలాక అమ్మా, మన లాండ్రీ మెకానిక్ గారూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి పెళ్ళి సంతకాలు పెడతారు. హంగూ ఆర్భాటం ఏమీ ఉండవు. అమ్మ నన్ను ఒక్కటే అడిగింది: "పిల్లలిద్దరూ కలిసి ఆయనకేదైనా ఇస్తే బాగుంటుందే. ఎంత చిన్నదైనా సరే." అమ్మ అడిగింది వస్తువు కాదు. దాని మీద నా పేరు పక్కన నీ పేరు కూడా ఉండాలి, అంతే.

నాకు బాగా తెలిసిన సరుకు సెంటొక్కటే కాబట్టి సెంటే అనుకున్నాను. వసంతంలో మగవాళ్ళు వేసుకునే తేలికపాటిది. కౌంటర్ దగ్గర రోజంతా ఇదే పాఠం చెబుతుంటాను. చలికాలంలో ఘాటువి దుప్పటి కప్పుకున్నట్టు హాయిగానే ఉంటాయి, గాలి కాస్త వెచ్చబడిందంటే అవే తల పట్టేస్తాయి. పైగా ఆయన పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆవిరి నిండిన లాండ్రీలో యంత్రాల కింద దూరి పనిచేసే మనిషి. జన్మలో సెంటు వేసుకుని ఉండడు. మొదటిసారి వేసుకునేది మెల్లగా పలకరించాలి గానీ మీద పడకూడదు.

పట్టీలు మూడూ విడివిడిగా చుట్టాను. మొదటిది నిమ్మతొక్కా, పుదీనా. రెండోది తడిసిన వట్టివేళ్ళు. మూడోది తేయాకు, అడుగున కొంచెం దేవదారు చెక్క. ముక్కుకి ఆనించి పీల్చేయకు, కాస్త దూరంగా పట్టుకుని ఊపు. ఒకటి చూశాక రెండోదానికి ముందు నీ మోచేతి మడతలో ముక్కు పెట్టి ఊపిరి తీసుకో. ముక్కు కుదుటపడుతుంది. మేం అలాగే చేస్తాం.

నేనే ఒకటి ఎంచేసి నీ పేరు రాసేయొచ్చు. కానీ అమ్మ నా మొహం చూసి కనిపెట్టేస్తుంది. కాబట్టి ఎంచాల్సింది నువ్వే.

నీ అక్క


హాస్టల్, మూల గది

అక్కా,

నీ పట్టీలు అందాయి. కవరు తెరవగానే నా గదిలో ఉండేవాడు మంచం మీంచి లేచి కూర్చుని "ఎవర్రా ఆ అమ్మాయి, ఉత్తరం ఇంత గుబాళిస్తోంది?" అన్నాడు. "మా అక్క" అన్నాను. పాపం, మళ్ళీ పడుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే చూశాను. దూరంగా పట్టుకున్నాను, ఊపాను, మోచేతి మడతలో ఊపిరి కూడా తీసుకున్నాను. నీ చదువుకి నేను ఇచ్చిన గౌరవం అది. ఇప్పుడు నా తీర్పు విను.

మొదటిది గిన్నెలు తోమే సబ్బు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంటర్వ్యూకి బయల్దేరినట్టుంది. రెండోది చేతులు కడుక్కోని తోటమాలి కరచాలనం. మూడోది ఆసుపత్రి క్యాంటీన్లో ఎవరో సగం తాగి వదిలేసిన టీ. ఇవి వాసనలు కావు అక్కా, వాసనల తరఫున క్షమాపణలు.

ఈమధ్య నేనొక పాత నిఘంటువు సంపాదించాను. పడుకునే ముందు రెండు పేజీలు చదవనిదే నిద్ర పట్టడం లేదు. పరిమళం, సౌరభం, సుగంధం, గుబాళింపు, కమ్మదనం, ఘాటు. ఒక్కొక్క మాటా నోట్లో వేసుకుని చప్పరించాలనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ నీ పట్టీల దగ్గరికి రానంది.

నాన్న వాసన ఎలా ఉండేదో గుర్తుందా నీకు? మనిషి గుమ్మంలోకి రాకముందే మెట్ల మీదికి వచ్చేసేది. నేను చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తేవాణ్ణి. ఎత్తుకోగానే మెడ దగ్గర ముక్కు దూర్చేవాణ్ణి. కొత్త తోలు, లవంగం, వాటి అడుగున వెచ్చగా ఇంకేదో. పదిమంది మగవాళ్ళని వరసగా నిలబెట్టి నా కళ్ళకి గంతలు కట్టినా నాన్న ఎవరో చెప్పేసేవాణ్ణి. ఆయన చివరగా వాడిన సీసా నా అలమారలో ఉంది. అడుగున కొంచెం మిగిలింది. పరీక్షల ముందు మూత తీస్తాను.

ఆ మనిషి కూర్చున్న కుర్చీలో ఇవాళ స్పానర్ మహాశయుడు కూర్చుంటాడు. మనం ఆయన మీద వసంతం చిలకరించాలి! అమ్మకి ఇది ఎలా తోచిందసలు? నువ్వెలా పక్కన నించుని పట్టీలు చుడుతున్నావు? నా కడుపు మండుతోంది. నా పేరు దేని మీదా రాయొద్దు.

తమ్ముడు


సెంటు కౌంటర్ వెనక, సరుకు గది

ఒరేయ్,

మాటలు బాగా నేర్చావు. క్యాంటీన్ టీ దగ్గర నాకు నవ్వు కూడా వచ్చింది, దాచను. ఆ తర్వాతది చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. కౌంటర్ అవతల నించున్నావిడ "ఏమ్మా, తల తిరుగుతోందా?" అని అడిగింది. నా తల కాదమ్మా తిరిగింది, మా తమ్ముడిది అందామనుకున్నాను.

స్పానర్ మహాశయుడా? ఆ స్పానర్ లేకపోతే నీ హాస్టలూ లేదు, నీ నిఘంటువూ లేదు. పోయిన వానాకాలంలో పెద్ద యంత్రం ఆవిరి గొట్టం ఊడి అమ్మ మోచెయ్యి కాలింది. నీకు పరీక్షలని చెప్పనివ్వలేదు. చెయ్యి మానేదాకా ఆయనే పొద్దున్నే వచ్చి షట్టరు తీసేవాడు, బట్టలు ఉతికేవాడు, మడతపెట్టేవాడు. మడతలు రాక చొక్కాలన్నీ పొట్లాల్లా చుట్టి పెడితే అమ్మ కట్టుతో ఉన్న చేత్తోనే మళ్ళీ విప్పి సరిచేసేది. అమ్మ అంతగా నవ్వడం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. నీకు ఆ నవ్వు తెలియదు. రెండు సెలవులకీ ఇంటికి రాలేదుగా.

ఇంకో మాట విను. అమ్మ ఆయనకి చెప్పేసింది: "చిన్నవాడు సరే అనకపోతే నేను సంతకం పెట్టను. ఇప్పుడెలా ఉన్నామో అలాగే ఉండిపోదాం." ఆయన "అబ్బాయిని తొందర పెట్టొద్దు" అన్నాడట. నీ ఒక్క మాట కోసం ఇద్దరు పెద్దవాళ్ళు అక్కడ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. నువ్వేమో నాన్న మెడ గురించి వర్ణనలు రాస్తున్నావు.

నాన్న గురించి నాకు ఇంకెప్పుడూ అలా రాయకు. నాకు నోరుంది. మూసుకుని ఉన్నాను, అంతే.

మూడింటిలో ఒకటి ఎంచు. నంబరు చాలు, నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

అక్క


హాస్టల్, మూల గది

అక్కా,

సరే. నువ్వే గెలిచావు.

నీ మూడింటిలోంచి మాత్రం కాదు. నేనే ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి ఒకటి ఎంచాను. చక్కగా కాగితం చుట్టి, ఇద్దరి పేర్లూ రాసి, ఆయన పేరున లాండ్రీకే పంపేశాను. ఏ సెంటో చెప్పను. మగవాడి సెంటంటే ఎలా ఉండాలో ఆయనకీ తెలియాలి కదా.

ఇక అమ్మ నిశ్చింతగా ఉండొచ్చు.

తమ్ముడు


లాండ్రీ, వెనక గది

నిన్నేమని పిలవాలో తెలియడం లేదు.

సెలవు పెట్టి బస్సెక్కి వచ్చాను. అమ్మ అవతల గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. నీకు కావలసింది ఇదేనా?

నీ పొట్లం వచ్చిన రోజు ఆయన మొహం చూడాల్సిందని పక్క దుకాణం దర్జీ చెప్పాడు. "పిల్లలు పంపారు, పిల్లలు పంపారు" అని వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చూపించాడట. సెంటు ఎక్కడ వేసుకోవాలో ఆ మనిషికేం తెలుసు? మణికట్టు మీద ఓ చుక్క అని చెప్పేవాళ్ళెవరు? ఉతికిన తెల్లచొక్కా పరిచి, జేబు నించి చేతుల దాకా తలనూనె రాసినట్టు రాశాడు. రాస్తే చొక్కా నలిగింది. నలిగిన చొక్కా తెచ్చి అమ్మకిచ్చాడు. ఆవిడ మామూలుగానే బల్ల మీద పరిచి కాలే ఇస్త్రీ పెట్టె పెట్టింది.

ఒక్కసారిగా గదినిండా నాన్న.

అమ్మ పెట్టె ఎత్తలేదు. అలా చూస్తూ నించుండిపోయింది. చొక్కా కాలి పొగొచ్చేదాకా ఎత్తలేదు. ఆయనే పరిగెత్తుకొచ్చి తీగ లాగేశాడు. అమ్మ షట్టరు దించేసి, "ఇంక ఈ పెళ్ళి మాట ఎత్తొద్దు" అంది. ఆయనకి ఏం తప్పు చేశాడో ఇప్పటికీ తెలియదు. కాలిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "ఎక్కువ రాశానేమోనమ్మా" అంటాడు నాతో.

నోరు మూసుకుని ఉన్నానని రాశాను. ఇక మూసుకోను.

నీకు అప్పుడు ఏడో ఎనిమిదో. నేను అమ్మ పక్కన నించుని బట్టలు మడతపెట్టేదాన్ని. నాన్న చొక్కాల వంతు వచ్చేసరికి అమ్మ నన్ను బయటికి పంపేసేది. ఒకరోజు వెళ్ళలేదు. పెట్టె వేడి తగలగానే ముందు ఆ తోలూ, లవంగమూ లేచాయి. అవి పోయాక అడుగునించి ఇంకొకటి వచ్చింది. మొహానికి రాసుకునే గులాబీ పౌడరు. మన ఇంట్లో ఎవరూ వాడనిది. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. "నీళ్ళు పట్టుకురా" అంది.

నాన్న అంత ఘాటు సెంటు ఎందుకు వేసుకునేవాడో ఇప్పుడు తెలిసిందా? ఇంకో ఇంటి వాసన కప్పిపెట్టడానికి. మనిషి కంటే ముందు మెట్ల మీదికి వచ్చేసేదని మురిసిపోతూ రాశావే, అది అందుకు. మిగతా ఊరంతా నమ్మింది. ఇస్త్రీ చేసే ఆడదాన్ని మాత్రం మోసం చేయలేకపోయాడు. ఏళ్ళ తరబడి వారానికి ఆరు చొక్కాలు అమ్మ అలా ఇస్త్రీ చేసింది. ఒక్కమాట అనలేదు.

ఆయన పోయిన రోజు వెనక వరసలో ఒకావిడ నించుంది. ఎవరూ పలకరించలేదు. పక్కనించి వెళుతుంటే గులాబీ పౌడరు వాసన వచ్చింది. నేను ఆగలేదు, నడిచి వెళ్ళిపోయాను.

ఏ వాసన పెళ్ళికొడుక్కి పంపావో ఇప్పుడు నిఘంటువు తెరిచి దానికో మంచి మాట వెతుక్కో.


హాస్టల్, మూల గది

అక్కా,

నీ ఉత్తరం తరగతి గది వెనక మెట్ల మీద కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత గదికొచ్చి అలమార తలుపు ఎంత గట్టిగా వేశానంటే గొళ్ళెం ఊడి వచ్చింది.

అమ్మకి చేసినదానికి నాకు సిగ్గుగా ఉంది. కావాలనే చేశాను. ఆయన్ని చిన్నబుచ్చాలనుకున్నాను, అమ్మని గుచ్చాలనుకున్నాను. అమ్మ నాన్నని గుర్తు తెచ్చుకుని ఏడవాలనుకున్నాను. ఇలా ఏడుస్తుందని తెలియదు.

ఎందుకు తెలియదు? అది చెప్పు ముందు. మీ ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళు నేను భోజనాల దగ్గర "నాన్న అయితేనా" అని మొదలుపెట్టినప్పుడల్లా మీరిద్దరూ పళ్ళెంలోకి చూసేవాళ్ళు. దుఃఖం అనుకున్నాను. నేను ఆయన మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకుంటే అమ్మ దాన్ని పటం కట్టించి గోడకి పెట్టింది! నువ్వు మేకు కొట్టావు! మీరిద్దరూ కూడి నా కోసం ఒక నాన్నని కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి చేతికిచ్చారు. నేను తొడుక్కుని తిరిగాను. నవ్వొచ్చేదా మీకు?

ఇప్పుడు ఆ మెడ దగ్గర ముక్కు దూర్చిన పిల్లాణ్ణి తలుచుకుంటే, అడుగున వెచ్చగా ఉండేదని రాశానే, అదేమిటి? నేను పరిగెత్తి వెళ్ళి కావలించుకున్నది దేన్ని? ఏమాట రాసినా ఇప్పుడు నాలిక మీద చేదుగా ఉంది. ఇది మీరు చేసిన పని. అబద్ధం చెప్పలేదనకు. అన్నీ తెలిసి నన్ను మాట్లాడనిచ్చారు, అది అంతకంటే దారుణం.

అమ్మ దగ్గరికి వెళుతున్నాను. నీ అనుమతి అడగడం లేదు.

తమ్ముడు


సెంటు కౌంటర్ వెనక, సరుకు గది

తమ్ముడూ,

లాండ్రీ చిరునామాకి రాస్తున్నాను. ఈపాటికి అక్కడే ఉంటావు.

చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో నీకు తెలియదు. ప్రతిసారీ అమ్మ ఒకటే మాట: "నా మొగుడు నాకు ఎప్పుడో పోయాడే. వాడి నాన్ననైనా వాడికి ఉండనీ." ఆయన నిన్నెత్తుకున్నది నిజం. నీకు జ్వరమొస్తే రాత్రంతా భుజం మీద వేసుకుని తిరిగింది నిజం. అవి అబద్ధాలని నేను రాయలేదు, రాయను.

మీరిద్దరూ కూడి అన్నావు చూడు, అది నన్ను కోసేసింది. నీకోసం ఒక నాన్నని దాచి ఉంచారు. మరి నాకెవరు దాచారురా? ఆ గదిలో ఆవిరి మధ్య నించున్నప్పుడు నాకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు. నేనూ ఆయన కూతుర్నే. ఆయన మెట్లెక్కి వస్తుంటే నువ్వు పరిగెత్తేవాడివి. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నువ్వు వ్యాసం చదువుతుంటే చప్పట్లు కొట్టాను. నాకు నవ్వొచ్చిందా అని అడుగుతున్నావు!

ఇంక రాయలేను. కౌంటర్లో ఎవరో పిలుస్తున్నారు.

అక్క


లాండ్రీ, ముందు గది, ఇస్త్రీ బల్ల మీద

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. అలంకారాలేమీ లేవు.

కొన్ని రోజులు ఆగి గానీ బస్సెక్కలేకపోయాను. నేను వచ్చేసరికి అమ్మ లేచి పనిలో ఉంది. తలెత్తకుండానే "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. ఒక దుప్పటి పూర్తిచేసి రెండోది పరిచింది. నేను బస్సులో వల్లెవేసుకున్నదంతా మరిచిపోయాను.

"అమ్మా, నేను సరే అంటున్నాను" అన్నాను.

ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "నిన్నెవరడిగార్రా?"

"నువ్వే కదా. నేను సరే అనకపోతే సంతకం పెట్టనని..."

"అన్నాను. బుద్ధిలేక అన్నాను. మీ నాన్న ఆ ఇంటికి వెళ్ళేముందు నన్నడిగాడా? నిన్నడిగాడా? మీ అక్కనడిగాడా? ఈ ఇంట్లో అందరి మొహాలూ చూసి, అందరినీ అడిగి బతకడానికి నేనొక్కదాన్నే దొరికానా? ఆయన కప్పుకున్నవి కప్పుకునే పోయాడు. నేను ఉతికాను, ఇస్త్రీ చేశాను, నోరు మూసుకున్నాను. నువ్వేమో నాకు సీసాలో పెట్టి మళ్ళీ పంపావు!"

అమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఇవాళే తెలిసింది. దర్జీ తన మిషను ఆపేశాడు. అమ్మ అటు తిరిగి "నువ్వు కుట్టుకోవయ్యా" అంది. మిషను మళ్ళీ మొదలైంది.

"గురువారం వెళుతున్నాం. ఇష్టముంటే రా, లేకపోతే హాస్టల్లో కూర్చుని మాటలు చప్పరించుకో."

"పెళ్ళి మానేశావని అక్క రాసింది."

"ఆ పూట మానేశాను. మీ అక్క తిరిగి వెళ్ళాక ఆయన్ని పిలిచి మొత్తం చెప్పాను. ఇంకొకడైతే ఆ సీసా రోడ్డు మీద పగలగొట్టేవాడు. ఈయన ఏమన్నాడో తెలుసా? 'అబ్బాయికి వాళ్ళ నాన్న గుర్తు కదా, పారేయడమెందుకు, మూత బిగించి పైన పెడతాను' అన్నాడు. అదిగో, ఆ బీరువా మీదుంది. పెట్టేటప్పుడు కూడా తుమ్ముతూనే ఉన్నాడు. సెంటు పడదు ఆ మనిషికి. నువ్వు పంపావని రోజంతా తుమ్ముకుంటూ తిరిగాడు."

నాకు ఆయన మీద కోపం రావాలని చాలా ప్రయత్నించాను. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర దుకాణంలో నీ మూడో పట్టీ చూపించి అదే సెంటు కొని తెచ్చాను. దారంతా నా మణికట్టు మీదే వేసుకుని చూశాను. కాగితం మీద చల్లారిన టీ అన్నాను గానీ ఒంటి మీద అలా లేదు. ఎలా ఉందో రాయడానికి మాట దొరకలేదు. వెతకలేదు కూడా.

అమ్మకి ఇవ్వబోయాను. "నాకెందుకు? వేసుకునేవాడు అక్కడున్నాడు" అంది.

ఆయన పెద్ద యంత్రం కింద ఉన్నాడు. రెండు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. వాటి పక్కన నించుని దగ్గాను. "ఎవరు?" అన్నాడు. "నేను" అన్నాను. కాళ్ళు కదలడం మానేశాయి. మెల్లగా బయటికి జరిగాడు. మొహం నిండా గ్రీజు. లేవబోతూ యంత్రం అంచుకి తల కొట్టుకున్నాడు. ఇద్దరం ఒకేసారి "అయ్యో" అన్నాం.

"ముందు పంపింది తప్పు. తప్పని తెలిసే పంపాను. ఇది వేరేది. తేలికైంది. పడకపోతే పారేయండి" అన్నాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. "నేను పట్టుకుంటే సీసా పాడవుతుంది బాబూ. ఎక్కడ వెయ్యాలో నాకెలాగూ తెలీదు. నువ్వే వెయ్యి" అని తల పక్కకి తిప్పాడు.

చెవి కింద ఒక చుక్క పెట్టాను. నా వేలు ఆయన మెడకి తగిలింది. చెమట పట్టి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, తుమ్ము కోసం ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను. రాలేదు.

"ఏమీ వేసుకోనట్టే ఉందే" అన్నాడు ఆశ్చర్యంగా.

అవునన్నాను. ఆయన మళ్ళీ యంత్రం కిందికి వెళ్ళిపోయి, కాసేపటికి చెయ్యి బయటికి చాపి "ఆ పన్నెండో నంబరు స్పానరు ఇలా అందుకో" అన్నాడు. ఏది పన్నెండో తెలియక అన్నీ చూసి ఇచ్చాను.

నీ ఉత్తరం అమ్మ కౌంటర్ సొరుగులో పెట్టి ఉంచింది. ఇందాకే చదివాను. నాకెవరు దాచారని అడిగావు. నేను పరిగెత్తుతుంటే నువ్వు ఊపిరి బిగబట్టి నించునేదానివని నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నాకింకా కోపంగానే ఉంది. నీ మీద కొంత, అమ్మ మీద కొంత. నాన్న మీద ఉన్నది ఎంతో కొలవడం నాకు రావడం లేదు, కొత్త కదా. నీకు అలవాటుంది. బుధవారం బస్సుకే వచ్చేయ్. ఇన్నేళ్ళు నువ్వొక్కదానివే కోపంగా ఉన్నావు, ఇక ఇద్దరం ఉందాం.

తమ్ముడు